చెవులున్న కోడి

అప్పట్లో ఆ ఇంటి ముందుగదిలో గోడ కనపడేది కాదు. కనపడేవన్నీ జంతువులే. కుట్టుమిషను పైన పిల్లులు, కిటికీ పక్కన గాడిదలు, మిగిలిన చోటంతా కోళ్ళు. అన్నీ అరచేతంత కాగితం ముక్కల మీద, పెన్సిలుతో నాలుగైదు గీతల్లో గీసినవే. గాడిదకు ఒక గుండ్రం, నాలుగు పుల్లలు. పిల్లికి రెండు గుండ్రాలు, ఒక తోక. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలిస్తూ తలెత్తి చూసి, “ఇంట్లో చిన్నపిల్లలున్నారా?” అని అడిగేవాళ్ళు.

“లేరండీ. మా అత్తయ్య వేశారు. డెబ్భై రెండేళ్ళు,” అనేది కోడలు, టేపు మెడలో వేసుకుంటూ, కాస్త గర్వంగా, కాస్త బెరుగ్గా.

ముక్కముక్కనీ కత్తిరించి, వరసగా పేర్చి, అంచులు వంకర పోకుండా గోడకు అతికించింది ఆమే. తన జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటని ఆమె గట్టి నమ్మకం. అంతకు మించిన పాడుపని తను ఎన్నడూ చేయలేదని తెలిసిరావడానికి సరిగ్గా మూడు వారాలు పట్టింది.

అత్తగారు ముప్ఫై నాలుగేళ్ళు ఒక ప్రెస్సులో ఫారాలు మడిచింది. అచ్చు యంత్రం నుంచి దుప్పటంత కాగితం వస్తుంది. దాని మీద పదహారు పేజీలు అటొకటి ఇటొకటి, కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా ఉంటాయి. చూస్తే ఎవరో తాగి అచ్చు వేశారనిపిస్తుంది. దాన్ని మూడు మడతలు పెట్టి, ప్రతి మడత మీద ఎముక బద్దతో ఒక్క రుద్దు రుద్దితే చాలు, ఒకటి నుంచి పదహారు దాకా పేజీలు బుద్ధిగా వరసలో నిలబడతాయి. ఎముక బద్ద దొరక్కపోతే అత్తగారు కుడిచేత్తో కాగితం పట్టుకుని, ఎడమ అరచేతి అంచుతోనే పని కానిచ్చేది. ఆ అంచు చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. ప్రెస్సులో అందరికంటే ముందు, వాచ్‌మన్ గేటు తాళం తీయకముందే వచ్చి నిలబడేదని ఆవిడకు ‘కోడక్క’ అని పేరు పెట్టారు.

నోరు కూడా ఆ పేరుకు తగినట్టే ఉండేది. కొడుకు బస్సు డ్రైవరు. ముప్ఫై రెండు సీట్ల బండిని సందుల్లో తిప్పే మనిషి. ఇంట్లో మాత్రం “ఒరే గాడిదా, చెప్పులు గుమ్మంలో విడవమన్నానా లేదా?” అనిపించుకుంటూనే పెరిగాడు, పెళ్ళయ్యాక కూడా అనిపించుకుంటూనే ఉన్నాడు. కోడలి మీద ఆవిడకున్న ఒకే ఒక్క ఫిర్యాదు నడక. “అడుగు చప్పుడు చెయ్యవే తల్లీ. పిల్లిలా వచ్చి వెనకాల నిలబడితే గుండె ఆగి చస్తాను,” అనేది.

గుండె ఆగలేదు. ఒక పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది, అంతే. కుడిచెయ్యి, కుడికాలు, నోరు మూడూ ఒక్కసారే పడిపోయాయి. ఆస్పత్రి నుంచి పంపే రోజుకు కాలు కొంచెం తేరుకుంది. ఎవరైనా పట్టుకుంటే పది అడుగులు వేస్తుంది. చెయ్యి తేరుకోలేదు. నోట్లోంచి “ఆ… ఆ…” తప్ప ఇంకో శబ్దం రాలేదు.

“మాటతోపాటు అక్షరాలు కూడా పోయాయి,” అన్నాడు డాక్టరు. “పలక ఇచ్చినా రాయలేరు, చదవలేరు. మనం అనేది లోపల ఎంత అర్థమవుతోందో చూడాలి.”

చూడటానికి ఆయన బల్ల మీద ఎనిమిది బొమ్మల కార్డులు పరిచాడు. పిల్లి, కుక్క, కోడి, గాడిద, అలాంటివే. “అమ్మా, ఇందులో పిల్లి ఏది? వేలు పెట్టి చూపించండి.”

అత్తగారు వేలు పెట్టలేదు. ఎడమచేత్తో కార్డులన్నీ దగ్గరకు లాక్కుంది. కింద నాలుగు, పైన నాలుగు పేర్చింది. పైనున్న నాలుగింటినీ ఒక్కొక్కటిగా తలకిందులుగా తిప్పింది. తర్వాత డాక్టరు ముఖంలోకి, కొడుకు ముఖంలోకి, కోడలి ముఖంలోకి వరసగా చూసింది, ఎవరో ఒకరు “ఓహో” అంటారన్నట్టు.

డాక్టరు కార్డులు పోగుచేసుకుని, కాగితం మీద ఒక్క వాక్యం రాసుకున్నాడు. ఆ వాక్యంలో ఏముందో అడగడానికి కొడుక్కి ధైర్యం చాలలేదు.

ఇంటికి రాగానే, ముందుగదిలో తన మంచం పక్కనే ఉన్న కోడలి బల్ల మీది కాగితాల వైపు ఆవిడ చెయ్యి చాపింది. జాకెట్ల నమూనాలు గీసుకోవడానికి కొన్న తెల్లకాగితాలవి. ఒకటి ఇచ్చి, చేతిలో పెన్సిలు పెట్టగానే గీయడం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి ఎన్నడూ పెన్సిలు పట్టినది కాదు. గీత వణుకుతోంది. అయినా ఆపలేదు. సాయంత్రానికి ఒక కాగితం నిండింది. కింద నాలుగు గళ్ళు, పైన నాలుగు గళ్ళు. పై గళ్ళలోని జంతువులన్నీ తలకిందులుగా ఉన్నాయి. కింది వరసలో ఒక గడి ఖాళీగా వదిలేసింది. కాగితం నడిమధ్యన, రెండు వరసల నడుమ, ఒక అడ్డగీత.

ఆ కాగితం కోడలి ముందు పెట్టి, అరచేతి అంచుతో బల్ల మీద ఠప్పున కొట్టింది. మళ్ళీ కొట్టింది.

“కోపమొద్దు అత్తయ్యా. చాలా బాగున్నాయి. గోడకు పెడతాను,” అని కోడలు కత్తెర తీసింది. కత్తెర చూడగానే అత్తగారి ముఖం వెలిగిపోయింది. తల గట్టిగా ఊపింది. అది చూసి కోడలు మురిసిపోయింది కూడా. కత్తెర మొదటి గడి దాటి రెండో గడిలోకి వచ్చేసరికి ఆవిడ “ఆ! ఆ! ఆ!” అని అరిచి, దిండు మీద తల అటూ ఇటూ కొట్టుకుని, చివరికి గోడ వైపు తిరిగి పడుకుంది. కోడలు ఏడు బొమ్మలనూ చక్కగా కత్తిరించింది. తలకిందులుగా ఉన్నవాటిని తిప్పి నిలబెట్టింది. అన్నీ అతికించింది. ఖాళీ ముక్కను గుడ్డపీలికల బుట్టలో పడేసింది.

రోజూ ఇదే వరస. రోజుకో కాగితం, రోజూ బల్ల మీద చెయ్యి ఠప్పుమనడం, రోజూ కత్తెర కనపడగానే వెలుగు, వెంటనే అరుపులు. అడ్డగీత తొలిరోజుల్లో మామూలు గీతే. పోనుపోను దానికి రెండు కొసల్లోనూ చిన్న చిన్న నిలువు గీతలు మొలిచాయి. కోడలు వాటిని పట్టించుకోలేదు. ఆవిడ గీసేవాటిలో అంతకంటే వింతవి చాలా ఉన్నాయి మరి.

అన్నిటికంటే వింత కోడి. ప్రతి కాగితంలోనూ ఒక కోడి ఉండేది, ఆ కోడికి రెండు పెద్ద చెవులుండేవి. కుందేలుకున్నంత చెవులు.

“చూశావా,” అన్నాడు కొడుకు ఒక మధ్యాహ్నం, డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, గోడ వైపు చూస్తూ. “కోడికి చెవులు. అమ్మకు కోడి ఎలా ఉంటుందో కూడా గుర్తులేదు.”

“మెల్లగా అనండి. అక్కడే ఉన్నారు.”

“ఉంటే మాత్రం? వినపడినా అర్థం కావద్దూ?” అమ్మంటే ప్రాణం అతనికి. అందుకే కోపంగా మాట్లాడుతున్నాడు. “నువ్వు రాత్రుళ్ళు లేచి తిప్పి పడుకోబెడుతున్నావు, పగలు మిషను తొక్కుతున్నావు. ఎన్నాళ్ళని? మా కండక్టరు వాళ్ళ నాన్నను పెట్టిన వృద్ధుల హోమ్ చూసొచ్చాను. శుభ్రంగా ఉంది. నర్సులున్నారు. సోమవారం వ్యాను పంపుతామన్నారు.”

కోడలికి నడుము నొప్పిగా ఉంది. నెల రోజులుగా తిన్నగా నిద్ర లేదు. గోడ వైపు తిరిగి పడుకున్న ఆ మనిషిలో తన అత్తగారు ఉందో లేదో తెలియక, ఆ తెలియకపోవడమే అన్నిటికంటే పెద్ద అలసటగా ఉంది.

“సరేనండి,” అంది.

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె తనను తాను చాలా తిట్టుకుంది. కానీ అన్న మాట అన్నదే, దాచడమెందుకు.

శనివారం పొద్దున్న కోడలు ఒక హోటలు పనివాళ్ళ చొక్కాలు పన్నెండింటికి గుండీలు దూరే కాజాలు తీస్తోంది. చొక్కాకు ఏడు. కాజా ఎక్కడ కావాలో చాక్‌పీసుతో ఒక గీత గీయాలి. కత్తెర దాటిపోకుండా గీత రెండు కొసల్లోనూ చిన్న నిలువు గీతలు అడ్డుపెట్టాలి. తర్వాత గుడ్డను గీత మధ్యకు మడిచి, మడత దగ్గర కత్తెర పెట్టి, అడ్డు వచ్చేదాకా కోసి ఆపేయాలి. ఒక్క నూలుపోగు ముందుకు పోయినా చొక్కా పాడైనట్టే. ఈ పని ఆమె నిద్రలో కూడా చేయగలదు. అత్తగారు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, మూడు వారాలుగా చూస్తున్నది కూడా ఈ పనే.

పదకొండు గంటలకు అత్తగారు ఆ రోజు కాగితం పూర్తిచేసి, చొక్కాల మీదకు తోసింది. బల్ల మీద చెయ్యి ఠప్పుమంది.

“ఒక్క నిమిషం అత్తయ్యా, ఈ ఒక్కటీ,” అని కోడలు చొక్కా పక్కకు జరిపింది. జరిపిన చేయి అక్కడే ఆగిపోయింది.

చొక్కా మీద చాక్‌పీసు గీత. కొసల్లో రెండు అడ్డాలు. పక్కనే కాగితం మీద పెన్సిలు గీత. కొసల్లో రెండు అడ్డాలు.

“కాజా,” అంది కోడలు, పైకే.

అత్తగారు ఊపిరి బిగబట్టింది.

“ఇది కాజా గుర్తు కదా? ఇక్కడ కొయ్యాలి. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా. ఆ తర్వాత కొయ్యకూడదు.”

ఆవిడ తల ఊపలేదు. అంతకుముందు ఎన్నిసార్లు ఊపి మోసపోయిందో కదా. కత్తెర వైపే రెప్ప వేయకుండా చూసింది.

కోడలు కాగితాన్ని సగానికి మడిచింది, గీత సరిగ్గా సగమయ్యేలా. కాజాకు పెట్టినట్టే మడత దగ్గర కత్తెర పెట్టింది. అడ్డు వచ్చేదాకా కోసింది. ఆపింది.

అత్తగారి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది “ఆ… ఆ…” కాదు. బరువు దింపుకున్న మనిషి వదిలే ఊపిరి.

ఆపైన ఏం చేయాలో కోడలికి తెలియదు. తెలిసిన చెయ్యి ముందుకు వచ్చింది. కాగితాన్ని విప్పించింది. పొడుగు వైపున మడత పెట్టమన్నట్టు వేలితో గీసి చూపించింది. కోడలు రెండు చేతులా మడిచింది. అత్తగారు అరచేతి అంచును మడత మీద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు జరజరా లాగింది. గీత గీసినట్టు మడత పడింది. ఇన్నాళ్ళూ బల్ల మీద పడిన దెబ్బ కోపం కాదు. మడవమని చెప్పడం! ముప్ఫై నాలుగేళ్ళు చేసిన పనిని ఆ చెయ్యి నోరు తెరిచి చెబుతోంది, ఇంటిల్లిపాదీ దాన్ని విసుగనుకున్నారు.

మరో రెండు మడతలు. మళ్ళీ విప్పడం. పొడుగు మడతలో పెట్టి, రెండు కొసలూ పట్టుకుని లోపలికి నెట్టమంది. కోడలు నెట్టింది. మధ్యలో కాజా నోరు తెరుచుకుంది. కాగితం ఒక్కసారి నాలుగు రెక్కలై లేచి నిలబడింది. ఆమె ఉలిక్కిపడి వదిలేయబోయింది. అత్తగారు చేయి అడ్డుపెట్టి, రెక్కలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, అదిమి, కోడలి అరచేతిలో పెట్టింది.

పుస్తకం.

కుట్టు లేదు, జిగురు లేదు. ఒకే కాగితం, ఒకే ఒక్క కోత. తెరిస్తే ఎనిమిది పేజీలు, అట్టలతో కలిపి. తలకిందులుగా ఉన్న జంతువులన్నీ తమ తమ కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి. ఒక్కటి కూడా పల్టీ కొట్టలేదు. ఏ గడి ఎక్కడికి పోతుందో, ఏ పేజీ పక్కన ఏది వస్తుందో, ఏ తల ఎటు తిరగాలో, అంతా గీయకముందే ఆవిడ తలలో మడతపడి ఉంది. చెయ్యి పోయి, నోరు పోయి, అక్షరాలు పోయి, తిన్నగా నిలబడలేని మనిషి తలలో. కోడలు చాలాసేపు ఆ పుస్తకాన్ని చూడలేదు. దాన్ని మడిచిన చేతిని, ఆ చేతి వెనకాల ఉన్న మనిషిని చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు మొదటి పేజీ నుంచి చదివింది.

అట్ట మీద కోడి, రెండు పెద్ద చెవులతో. లోపల, ఒక రెక్క వేలాడేసుకుని పడిపోయిన కోడి. పక్క పేజీలో పిల్లి. మెడలో టేపు వేసుకుని, కోడికి గింజలు తినిపిస్తోంది. కోడలు ముక్కు చీదుకుంది. తర్వాతి పేజీలో గాడిద, పిల్లి ఎదురెదురుగా నోళ్ళు తెరుచుకుని ఏదో చెప్పుకుంటున్నాయి. దాని పక్కన మళ్ళీ కోడి. ఈసారి వీపు తిప్పుకుని పడుకుంది. దాని చెవులు పేజీ దాటి, మడత దాటి, గాడిద నోటి దాకా సాగాయి. ఇంకో పేజీ. నాలుగు చక్రాల డబ్బా, కిటికీలోంచి వెనక్కి చూస్తున్న కోడి. ఆ పక్కన పిల్లి ఒక్కతే, చేతిలో కత్తెర, కంట్లో చుక్క.

వెనక అట్ట ఖాళీ.

కోడికి చెవులుండవని ఆవిడకు బాగా తెలుసు. తను వింటోందని చెప్పడానికి ఇంకో దారి లేక పెట్టింది.

“అత్తయ్యా,” అంది కోడలు. “మేం అన్నవన్నీ… మొన్న అన్నది కూడా?”

అత్తగారు ఎడమచెయ్యి ఎత్తి చెవిని ముట్టుకుంది. తిట్టినట్టు చూడలేదు. అలా చూసి ఉంటే బాగుండేదని కోడలికి అనిపించింది.

ఆమె లేచి గోడ దగ్గరకు వెళ్ళింది. ఇరవై కాగితాలు. నూటనలభై బొమ్మలు. ఇరవై పుస్తకాలను తనే తన కత్తెరతో ముక్కలు చేసి, తిప్పి, వరస చెరిపి, జిగురు పెట్టి మరీ అతికించింది. అత్తగారు మంచం మీద నుంచి రోజంతా దాన్నే చూస్తూ పడుకుంది. పైగా ప్రతి పుస్తకంలో ఒక ఖాళీ పేజీ. అది మరిచిపోయి వదిలిన గడి కాదు. మీరేమంటారు అని అడిగి, జవాబుకు వదిలిన చోటు. ఇరవై రోజులు, ఇరవై సార్లు ఆవిడ అడిగింది. ఇరవై సార్లు తను ఆ అడిగిన చోటును పీలికల బుట్టలో వేసింది.

కోడలు తిరిగి వచ్చి అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి గట్టిపడిన అరచేతి అంచు ఒకటి ఆమె వీపు మీద, మెడ నుంచి నడుము దాకా, నెమ్మదిగా జరిగింది. ముడతలు సాపు చేసినట్టు.

కొడుకు నాలుగింటికి వచ్చాడు. చెప్పులు గుమ్మంలోనే విడిచాడు.

“బట్టలు సర్దావా? సోమవారం వ్యాను పదింటికల్లా…”

“ముందు ఇది చదవండి.”

“ఏంటిది?”

“మీ అమ్మగారు రాసిన పుస్తకం.”

నిలబడే తెరిచాడు. నవ్వబోయాడు. రెండో పేజీ దగ్గర నవ్వు ఆగింది. గాడిద దగ్గర తల పైకెత్తి తల్లి వైపు చూశాడు. “ఇది నేనేనా?” అన్నాడు. అత్తగారు తల ఊపింది, ఇంకెవరుంటారన్నట్టు. పక్క పేజీలోని చెవుల దగ్గర అతను మంచం అంచున కూర్చున్నాడు. చక్రాల డబ్బా దగ్గర చాలాసేపు ఆగాడు. రోజూ డబ్బా నడిపే మనిషి. కిటికీలోంచి వెనక్కి చూసే ముఖాలను అద్దంలో ఎన్ని చూసి ఉంటాడో.

“ప్రెస్సులో… కోడక్క అనేవాళ్ళు,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “నాకు తట్టలేదు. నా బుర్రకు తట్టనే లేదు.”

“ఇంకో పేజీ ఉంది,” అంది కోడలు.

తిప్పాడు. తెల్లగా ఉంది.

“అది మన కోసం వదిలారు. నేను గీయలేదు, మీరొచ్చేదాకా ఆగాను.” ఆమె అతని చేతిలో పెన్సిలు పెట్టింది.

అతను జీవితంలో బొమ్మ గీసి ఎరగడు. పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ముందు ఒక పెట్టె గీశాడు. దానికి తలుపు. తలుపు పక్కన కిటికీ. లోపల కుట్టుమిషనో కుక్కో తెలియని ఒక వస్తువు. దాని పక్కన ఒక గుండ్రం, ముక్కు, రెండు కాళ్ళు. కోడి. ఇంట్లోనే ఉంది. పక్కన చిన్న గుండ్రానికి తోక తగిలించాడు. ఇంకోదానికి నాలుగు పుల్లలు పెట్టాడు. ముగ్గురూ లోపలే.

పుస్తకాన్ని తల్లి చేతికి ఇవ్వబోయి ఆగాడు. మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నాడు. కోడి తల మీద ఒక చెవి గీశాడు. ఇంకో చెవి గీశాడు. పెద్దవిగా గీశాడు, ఇంటి కప్పు దాటిపోయేంత.

“అమ్మా, వింటున్నావు కదా,” అన్నాడు. “ఎక్కడికీ పంపను.”

అత్తగారు పుస్తకం తీసుకుంది. కొడుకు గీసిన కోడిని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. గీత జారి కోడికి మూడో కాలు మొలిచినట్టుంది, వేలితో దాన్ని పొడిచి చూపించింది. అప్పుడు ఆ ఇంట్లో నెల రోజులుగా వినపడని శబ్దం ఒకటి వినపడింది. ఆవిడ నవ్వింది. వంకరపోయిన నోటితో, సగం ముఖంతోనే నవ్వింది, ఆయాసం వచ్చేదాకా.

నవ్వయ్యాక పుస్తకం మూసి, దుప్పటి మీద పెట్టి, అరచేతి అంచుతో మడత మీద ఒక్క రుద్దు రుద్దింది. తర్వాత కోడలి బల్ల మీది తెల్లకాగితాల వైపు చెయ్యి చాపింది.